ఒకే పార్టీ ఊళ్ళో ఎలక్షన్: అసలు పోటీ విత్‌డ్రా రోజు మధ్యాహ్నం 3 గంటలకే తేలిపోతుంది

ఎలక్షన్ అనగానే అందరికీ పోలింగ్ రోజే గుర్తొస్తుంది, లైన్లు, వేలి మీద సిరా, సాయంత్రం లెక్కింపు. కానీ ఒకే పార్టీ మాట చెల్లే ఊళ్ళో ఎదుటి వైపు పనిచేసినోళ్ళని అడిగి చూడండి, వాళ్ళు వేరే రోజు గురించి చెప్తారు. నామినేషన్ల విత్‌డ్రాలకి చివరి రోజు, మధ్యాహ్నం 3 గంటలు. ఆ టైం దాటాక కూడా లిస్టులో రెండో పేరు మిగిలితే ఆ ఊళ్ళో ఎలక్షన్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. నేను మా మండలంలో 2013లో, 2021లో పంచాయతీ ఎలక్షన్లకి బలం లేని వైపు తిరిగాను. ఏ పార్టీ అనేది రాయట్లేదు, ఎందుకంటే ఆ మధ్యలో రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వాలు మారాయి, మా ఊళ్ళో కండువాల రంగు మారింది, కానీ రెండో పేరు మిగలనివ్వకుండా చేసే పద్ధతి మాత్రం అచ్చం అలాగే ఉంది, చేసే మనుషులు కూడా చాలావరకు వాళ్ళే.

బయట నుంచి చూసేవాళ్ళు ఇలాంటి ఊరి గురించి "అక్కడ జనం అంతా ఆ పార్టీయేలే" అంటారు, టీవీలో కంచుకోట అంటారు. నా అనుభవంలో తెలిసింది ఏంటంటే, ఏకగ్రీవం అయిన చోట జనం మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. తెలిసేది ఒక్కటే, అక్కడ ఎదురు నిలబడ్డవాడు ఏమేం పోగొట్టుకోవాల్సి వస్తుందో అది.

దీనికి పెద్ద ఉదాహరణ కళ్ళ ముందే ఉంది. 2021 మార్చిలో ఏపీ మున్సిపల్ ఎన్నికల్లో పులివెందులలో 33 వార్డులు, పిడుగురాళ్ళలో 33, మాచర్లలో 31, పుంగనూరులో 31, మొత్తం 128 వార్డులు ఒక్క ఓటు పడకుండానే అప్పటి అధికార పార్టీ వైసీపీకి ఏకగ్రీవం అయిపోయాయి. మూడేళ్ళు తిరిగేసరికి 2024 అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. మాచర్లలో 2009 నుంచి వరసగా గెలుస్తూ వచ్చిన పిన్నెల్లి రామకృష్ణారెడ్డి 33 వేలకు పైగా తేడాతో ఓడిపోయారు. పిడుగురాళ్ళ ఉండే గురజాల నియోజకవర్గం టీడీపీకి పోయింది. పుంగనూరులో పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి గెలిచారు గానీ 2019లో 40 వేలు దాటిన మెజారిటీ కాస్తా 6 వేల దగ్గరికి దిగింది. పులివెందులలో జగన్ గెలిచారు, మెజారిటీ 90 వేల నుంచి 61 వేలకు తగ్గింది. నియోజకవర్గం అంటే చుట్టూ పల్లెలు కూడా కలుస్తాయి, పట్నం లెక్క వేరు, నిజమే. అయినా 31కి 31 వార్డుల్లో పోటీకి ఒక్కడు కూడా మిగలని ఊరున్న చోట మూడేళ్ళకే అంత ఓటు ఎటు నుంచి వచ్చిందంటే, అది అంతకుముందు నుంచే ఇళ్ళలో ఉంది, బయటికి రావడానికి దారి లేదు, అంతే.

ఇది ఒక పార్టీ మీద రాస్తున్నది కాదు. 2025 ఆగస్టులో అదే పులివెందుల మండలం జడ్పీటీసీకి ఉప ఎన్నిక జరిగింది, అప్పటికి రాష్ట్రంలో టీడీపీ కూటమి ప్రభుత్వం. టీడీపీ అభ్యర్థికి 6 వేల పైచిలుకు ఓట్లు, వైసీపీ అభ్యర్థికి 700 లోపు, డిపాజిట్ కూడా రాలేదు. ఇన్నేళ్ళకి అక్కడ జనం స్వేచ్ఛగా ఓటేశారని టీడీపీ వాళ్ళంటారు, పోలీసుల్ని అడ్డం పెట్టుకుని బూత్‌లు లాక్కున్నారని వైసీపీ వాళ్ళంటారు, రెండు బూత్‌లలో రీపోలింగ్ కూడా పెట్టాల్సి వచ్చింది. నాకైతే 33కి 33 ఏకగ్రీవం జనం మాటే అంటే ఎంత నమ్మబుద్ధి కాదో, ఏడాది ముందు 61 వేల మెజారిటీ ఇచ్చిన నియోజకవర్గంలో ఒక మండలం మొత్తం మీద 700 ఓట్లు కూడా లేవంటే అంతే నమ్మబుద్ధి కాదు. కుప్పం కూడా అంతే, 1989 నుంచి చంద్రబాబు గెలుస్తూ వస్తున్న చోట 2021 నవంబర్‌లో మున్సిపాలిటీలో 25 వార్డులకి 19 వైసీపీ గెలిచింది, దొంగ ఓట్లని అప్పుడు టీడీపీ గోల పెట్టింది, 2024లో చంద్రబాబు 48 వేల మెజారిటీతో గెలిచారు. లోకల్ ఎలక్షన్లలో చాలాసార్లు కొలిచేది జనాన్ని కాదు, ఆ టైంకి పైన ప్రభుత్వం ఎవరిదో దాన్ని.

మరి ఇది ఎలా జరుగుతుంది? కొట్టడం, కార్ల అద్దాలు పగలగొట్టడం ఉంటాయి, 2020 మార్చిలో మాచర్లలో టీడీపీ నాయకుల కారు మీద జరిగిన దాడి రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఆ నెలలోనే 10,047 ఎంపీటీసీ స్థానాల్లో 2,371, 660 జడ్పీటీసీల్లో 126 ఏకగ్రీవం అయ్యాయి. కానీ అన్నీ కొట్టి చేసినవి కాదు, మా మండలంలో ఒక్క దెబ్బ కూడా పడలేదు. ఎక్కువ చోట్ల పని చాలా మెత్తగా, చుట్టరికాల మీదే నడుస్తుంది, అందుకే అది కేసు అవ్వదు, వార్త కూడా అవ్వదు.

2013లో మా ఊరు బీసీ మహిళకి రిజర్వ్ అయ్యింది. మా తరఫున బట్టలు కుట్టే ఒకావిడ నిలబడింది, ఊళ్ళో సగం మంది జాకెట్లు ఆవిడ దగ్గరే కుట్టించుకుంటారు, మాట మంచిది, మేమంతా గెలుస్తామనే అనుకున్నాం. నామినేషన్ వేశాం, స్క్రూటినీలో నిలిచింది. విత్‌డ్రా రోజు ఆవిడని బయటెక్కడా కనపడనివ్వకుండా పక్కూళ్ళో వాళ్ళ పిన్ని ఇంట్లో ఉంచాం, నాయకులు ఎవరైనా వస్తే మాట్లాడటానికి మేం నలుగురం అరుగు మీద కూర్చున్నాం. నాయకులు ఎవరూ రాలేదు. రెండుంపావుకి ఆవిడ తమ్ముడు బండి మీద వచ్చాడు. సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్ట్ మీద షిఫ్ట్ ఆపరేటర్‌గా చేస్తున్నాడు అప్పుడు. లోపలికి కూడా రాలేదు, వాకిట్లోనే చెప్పులు విప్పి నిలబడి "అక్కా, రేపటి నుంచి రావద్దన్నారే, పిల్లది పుట్టి రెండు నెలలైంది" అన్నాడు. ఆవిడ మా వైపు చూసింది. మాలో ఒక్కళ్ళం కూడా నోరు తెరవలేకపోయాం. రెండూ నలభైకి కాగితం మీద సంతకం పెట్టేసింది. సాయంత్రం ఊళ్ళో టపాసులు కాల్చారు, ఊరంతా ఒక్క తాటి మీద ఉందని మైకులో చెప్పారు.

ఆ రోజు మేం చేసిన తప్పు ఏంటో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. మేం ఎవరికి మంచి పేరుందో చూసి అభ్యర్థిని పెట్టాం. ఇలాంటి ఊళ్ళో ముందు చూడాల్సింది అది కాదు, ఆ మనిషిని, ఆ మనిషి చుట్టాలని ఎక్కడ పట్టుకుని నొక్కొచ్చో చూడాలి. రేషన్ డీలర్‌షిప్ ఎవరికుంది, అంగన్‌వాడీలో ఎవరు చేస్తున్నారు, పొలానికి నీళ్ళు ఎవరి కాలవ మీద నుంచి వస్తాయి, ఇంటి స్థలం పట్టా పెండింగ్ ఉందా, ఉపాధి హామీలో ఫీల్డ్ అసిస్టెంట్ ఎవరి మనిషి, బ్యాంక్ లోన్‌కి హామీ సంతకం ఎవరు పెట్టారు. వీటిల్లో ఒక్కటి ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నా మీ అభ్యర్థి మధ్యాహ్నం మూడు దాకా నిలబడదు. అది ఆ మనిషి పిరికితనం కాదు, దయచేసి అలా అనకండి, ఇంట్లో ఒకడి జీతం పోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు, అరుగు మీద కూర్చున్న మాకే తెలియలేదు.

ఇంకొకటి, ప్రపోజర్. పంచాయతీకి నామినేషన్ మీద అభ్యర్థిని ప్రతిపాదించే ఓటరు సంతకం కావాలి, చూడ్డానికి చిన్న విషయం, కానీ పట్టుకునేవాళ్ళకి అదే మంచి చోటు. ఇది పల్లెల్లోనే అనుకోకండి, 2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ మీద ఉన్న ప్రపోజర్లు ఆ సంతకాలు మావి కావన్నారు, నామినేషన్ కొట్టేశారు, మిగతావాళ్ళు తప్పుకున్నారు, పోలింగ్ లేకుండానే బీజేపీ అభ్యర్థి ఎంపీ అయిపోయారు. అంత పెద్ద సిటీలో లక్షల మంది ఓటర్లకి ఆ ఎన్నికలో బటన్ నొక్కే పని లేకుండా పోయింది. అందుకే ఇప్పుడు నేను ఎవరికి సలహా ఇచ్చినా ఒక్క సెట్ కాదు, వేరే వేరే ప్రపోజర్లతో రూల్ ఒప్పుకున్నన్ని సెట్లు వేయమంటాను, సంతకం పెట్టేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయమంటాను. కాగితాల సంగతి కూడా అంతే, పంచాయతీకి పన్ను బాకీ లేదని రసీదు, కుల ధృవీకరణ, ఇవి నోటిఫికేషన్ వచ్చాక తెచ్చుకుందాంలే అనుకుంటే ఆ నాలుగు రోజులూ ఆఫీసులో మనిషి కనపడడు. ఆర్నెల్ల ముందే, ఎవరికీ అనుమానం రానప్పుడే ఇంటిపన్ను కట్టేసి రసీదు బీరువాలో పెట్టుకోవాలి.

ఏకగ్రీవం వైపు వాదన కూడా ఉంది, దాన్ని తీసిపారేయను. పల్నాడులో, సీమలో ఎలక్షన్ పేరు మీద తలలు పగిలిన ఊళ్ళున్నాయి, రెండు కుటుంబాల పగ మూడు తరాలు నడిచింది. అలాంటి ఊళ్ళో పెద్దలంతా కూర్చుని ఈసారి మీరు, వచ్చేసారి మేము అనుకుంటే అది తప్పని నేను అనలేను. ప్రభుత్వం కూడా డబ్బులిచ్చి ప్రోత్సహిస్తుంది, 2021లో ఏపీలో 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవం అయితే 5 లక్షలు, అక్కడి నుంచి జనాభాని బట్టి 10, 15, 10 వేలు దాటితే 20 లక్షలు. కానీ రాజీ అంటే ఇద్దరు కూర్చోవాలి. ఒకళ్ళు కుర్చీలో ఉండి, ఇంకొకళ్ళు వాకిట్లో చెప్పులు విప్పి నిలబడితే దాన్ని రాజీ అనరు. కొన్ని ఊళ్ళలో గుడికి ఇన్ని లక్షలిస్తాం అని సర్పంచ్ పదవిని వేలం పెట్టినట్టు పాడుకోవడం కూడా ఏకగ్రీవం కిందే లెక్కలోకి వస్తుంది, అందులో పేదవాడి పాట ఎప్పుడూ వినపడదు.

ఒకే పార్టీ ఊళ్ళో ఇంకో సంగతి, పార్టీ ఒకటే అయినంత మాత్రాన పోటీ ఉండదని కాదు, అది పార్టీ లోపలికి వెళ్ళిపోతుంది. బీ ఫారం, అంటే పార్టీ టికెట్ కాగితం, ఎవరికి అన్నదే అసలు ఎలక్షన్. పంచాయతీ ఎన్నికలు చట్టం ప్రకారం పార్టీ గుర్తుల మీద జరగవు, ఉంగరం, కత్తెర లాంటి గుర్తులే ఇస్తారు, కాబట్టి అక్కడ ఒకే పార్టీ వాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడే వీలుంది, ఎమ్మెల్యే ఫొటో ముగ్గురి పాంప్లెట్ మీదా ఉంటుంది. బలం లేని వైపు పనిచేసేవాళ్ళకి ఇక్కడే సందు దొరుకుతుంది, రెబల్‌కి మద్దతిచ్చి గెలిపిద్దాం అనిపిస్తుంది. నేను కూడా చేశాను, గెలిచాం కూడా, పక్క పంచాయతీలో. గెలిచిన వారం రోజులకి ఆయన ఎమ్మెల్యే ఇంటికెళ్ళి కండువా కప్పించుకున్నాడు. మద్దతిచ్చిన కాలనీ వాళ్ళ ఫోన్ కూడా ఎత్తలేదు. అయినా రెబల్‌కి పనిచేయడం దండగ అనను, ఆ ఎలక్షన్‌లోనే ఆ కాలనీ వాళ్ళు మొదటిసారి ఏజెంట్‌గా కూర్చోవడం నేర్చుకున్నారు. కాకపోతే అతని మీద ఆశ పెట్టుకోకూడదు, పని నేర్చుకోవడానికి వాడుకోవాలి.

ప్రచారం సంగతికొస్తే, మామూలు చోట చేసే పనులన్నీ ఇక్కడ తిరగబడతాయి. మైకు పెట్టి తిరిగితే ఓట్లు తగ్గుతాయి. ఎవరింటి ముందైతే మీరు పది నిమిషాలు నిలబడ్డారో ఆ ఇంటికి సాయంత్రానికి ఇంకెవరో వస్తారు, "ఏందబ్బాయ్, వాళ్ళు దేనికొచ్చారు మీ ఇంటికి" అని. కాబట్టి ప్రతి ఇంటికీ వెళ్ళాలి, మనకి పడని ఇంటికి కూడా, ఖచ్చితంగా ఎదుటి పార్టీ అని తెలిసిన ఇంటికి కూడా, అప్పుడే ఎవరింటికి వెళ్ళామన్నది గుర్తుగా మిగలదు. స్టిక్కర్లు అంటించకూడదు. "మాకు వేస్తారా" అని అడగకూడదు, అవుననడం వాళ్ళకి భారం, కాదనడం మనకి భారం. మురుగు కాలవ గురించి, కుళాయి టైం గురించి మాట్లాడి వచ్చేయాలి. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో మాట్లాడితేనే పని అవుతుంది, మా ఊళ్ళో మాకు పడ్డ ఓట్లలో సగానికి పైగా మగవాళ్ళకి తెలియకుండా పడ్డవే అని నా నమ్మకం.

ఓటు రహస్యమే కదా, ఇంత భయం ఎందుకు అని సిటీలో ఉన్నవాళ్ళు అడుగుతారు. పంచాయతీ వార్డులో వంద, నూటయాభై, రెండొందలు ఓట్లుంటాయి. వార్డు మెంబర్ ఓట్లు లెక్కపెడితే ఆ వీధి మొగ్గు ఎటో అక్కడికక్కడే తెలిసిపోతుంది. అసెంబ్లీ ఎన్నికల్లో కూడా బూత్ వారీ లెక్కలు ఫారం 20లో బయటికొస్తాయి, ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని అన్నది ఎమ్మెల్యే మనుషుల దగ్గర కాగితం మీద ఉంటుంది. చాలా బూత్‌ల ఓట్లు కలిపి లెక్కపెట్టే టోటలైజర్ అనే మెషిన్ పెడదామని ఎన్నికల కమిషన్ 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ కూడా పెట్టమంది, ఇంకా అమలు కాలేదు. నా మటుకు నాకు ఒకే పార్టీ ప్రాంతాల్లో అన్నిటికంటే ముందు రావాల్సిన మార్పు ఇదే. మనిషి ఓటు రహస్యం అయితే చాలదు, వీధి ఓటు కూడా రహస్యంగా ఉండాలి, ఎందుకంటే రోడ్డు వీధికే వేస్తారు, ఆపేదీ వీధికే.

ఓపిక పడితే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాద్ పాతబస్తీ చూడండి. అక్కడా ఆ చుట్టుపక్కలా ఏడు అసెంబ్లీ సీట్లు మజ్లిస్ (ఎంఐఎం) పార్టీవి, 2023లో చాంద్రాయణగుట్టలో అక్బరుద్దీన్ ఒవైసీ మెజారిటీ 81 వేలు దాటింది. అదే ఎన్నికలో, అదే పార్టీ, యాకుత్‌పురాలో 878 ఓట్లతో బయటపడింది. అక్కడ ఎదురుగా నిలబడింది పెద్ద పార్టీ కాదు, ఎంబీటీ (మజ్లిస్ బచావో తెహ్రీక్) అనే చిన్న పార్టీ నుంచి అమ్జదుల్లా ఖాన్, అంతకుముందు కార్పొరేటర్‌గా చేసిన మనిషి, ఏళ్ళ తరబడి ఆ గల్లీల్లోనే తిరిగిన మనిషి. నాంపల్లిలో కూడా కాంగ్రెస్ అభ్యర్థి ఫిరోజ్ ఖాన్ మీద తేడా 2 వేల చిల్లరే. కంచుకోటలో కూడా గోడ అంతా ఒకే మందం ఉండదని అక్కడ తెలిసింది. కేరళలో కన్నూర్ జిల్లా ఆంథూర్ మున్సిపాలిటీ ఇంకో రకం, 2015లో 28 వార్డులూ ఎల్డీఎఫ్ (సీపీఎం కూటమి)వే, అందులో 14 పోటీ లేకుండా. 2020లో కూడా 28కి 28 వాళ్ళే గెలిచారు, కానీ పోటీ లేని వార్డులు ఆరుకి తగ్గాయి. గెలుపు ఓటముల్లో తేడా సున్నా. కానీ ఇంకో ఎనిమిది వార్డుల్లో రెండో పేరు కాగితం మీద మిగిలింది, ఆ మిగలడం వెనక ఎంతమంది ఎన్ని రాత్రులు తిరిగారో నేను ఊహించగలను.

2013 తర్వాత 2018లో జరగాల్సిన పంచాయతీ ఎన్నికలు జరగలేదు, 2021 ఫిబ్రవరి దాకా ఆగాయి. ఈసారి మేం అభ్యర్థిగా మిలటరీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన్ని అడిగాం. మాట కటువు, ఊళ్ళో పెద్దగా కలివిడి లేదు, మీటింగ్‌లో మాట్లాడమంటే రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. కానీ పెన్షన్ ఢిల్లీ నుంచి వస్తుంది, పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగాలు, పొలానికి సొంత బోరు. విత్‌డ్రా రోజు ముగ్గురు వేరే వేరేగా వచ్చి మాట్లాడి వెళ్ళారు, ఆయన టీ ఇచ్చి పంపాడు. మూడు దాటింది. ఊళ్ళో మా నాన్న వయసు వాళ్ళు చాలామంది పంచాయతీకి ఓటేసి ఎన్నేళ్ళయిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు ఆ సాయంత్రం.

పోటీ ఖాయం అయిన మర్నాటి నుంచి ఊరు మారిపోయింది. ఎనిమిదేళ్ళలో ఎస్సీ కాలనీలోకి కాలు పెట్టని ఎదుటి అభ్యర్థి మూడు సార్లు వచ్చాడు, వీధి లైట్లు వేయించాడు, ఓటుకి డబ్బులు కూడా పంచారు. డబ్బులు తీసుకోవడం మంచిదని నేను అనను, కానీ ఒక ముసలామె "మా ఓటుకి ధర పెట్టాలన్నా ముందు మాకు ఓటంటూ ఉండాలిగా నాయనా" అంది, దానికి నా దగ్గర జవాబు లేదు. ఫలితం వెయ్యి చిల్లర ఓట్లలో మాకు 287. ఓడిపోయాం. ఆరో వంతు దాటింది కాబట్టి డిపాజిట్ వెనక్కి వచ్చింది. కాలనీకి కొత్త పైప్‌లైన్ ఆ ఎండాకాలమే పడింది, ఎవరికి ఓటేశారని అడక్కుండానే పడింది, ఎందుకంటే 287లో ఎవరెవరున్నారో వాళ్ళకి తేలలేదు.

ఆ పోలింగ్ రోజు ఏజెంట్‌గా కూర్చోవడానికి ముందు రోజు రాత్రి దాకా మాకు ఒక వార్డులో మనిషి దొరకలేదు. అభ్యర్థి దొరకడం కంటే ఏజెంట్ దొరకడం కష్టం, ఎందుకంటే అభ్యర్థి గెలిస్తే సర్పంచ్ అవుతాడు, ఏజెంట్‌కి గెలిచినా ఓడినా దక్కేది ఏమీ లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎదుటివాళ్ళ ముందు కూర్చుని కనపడటమే పని. రాత్రి తొమ్మిదింటికి బట్టలు కుట్టే ఆవిడ కబురు చేసింది, నేను కూర్చుంటానని. తమ్ముడు ఆ సబ్‌స్టేషన్ పని మానేసి అప్పటికి నాలుగేళ్ళయింది, హైదరాబాద్‌లో లిఫ్ట్‌ల కంపెనీలో చేస్తున్నాడు. పొద్దున ఆరింటికే మాస్క్ పెట్టుకుని, టిఫిన్ డబ్బా, ఓటర్ లిస్టు, గీత కొట్టడానికి బట్టలు కొలిచే చెక్క స్కేలు తెచ్చుకుంది. పోలింగ్ మొదలయ్యే ముందు ఖాళీ పెట్టె తిప్పి చూపించి, సీల్ కాగితం మీద ఏజెంట్లని సంతకం పెట్టమన్నారు. ఎదుటి ఏజెంట్ గబగబా గీకేశాడు. ఆవిడ కాగితం రెండు వైపులా చదివి, నంబర్ తన లిస్టు వెనక రాసుకుని, అప్పుడు పూర్తి పేరుతో ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది.